అడిగి వేయించుకున్న డ్యూటీ

"శ్రమదినాల్లోనే పడాలా తల్లీ నీకీ డ్యూటీ? అదీ మనింట్లో కూడిక ఉన్న రోజునే!" అని అత్తగారు సారమ్మ పొద్దున్నుంచీ అంటూనే ఉంది. సుశీల తలెత్తకుండా నానిన శనగలు కుక్కర్లో పోసి మూత బిగించింది. గుడ్ ఫ్రైడేకి ముందు వేడుకలు మానేసి గడిపే శ్రమదినాల్లో, రాయపూర్‌లోని డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ తెలుగు క్రైస్తవులు సాయంత్రానికొక ఇంట్లో ప్రార్థనకు కూడతారు. పాటలు, వాక్యం, సాక్ష్యాలు, చివర్న గుగ్గిళ్ళు, టీ. వాక్యం చెప్పేవాళ్ళు మారుతుంటారు. గుగ్గిళ్ళు చేసేది మాత్రం ఎప్పుడూ ఆ ఇంటి ఆడమనిషే. ఈ శనివారం వంతు సుశీలది. తెల్లారకముందే లేచి ఇల్లు కడిగింది, పక్క క్వార్టర్ల నుంచి చాపలు అడిగి తెచ్చింది, కర్టెన్లు ఉతికి ఆరేసింది, టీ పొడీ పంచదారా కొలిచి గిన్నెల్లో పోసి మూతలు పెట్టింది. తను లేకపోయినా ఎవరికీ వెతుక్కునే బాధ ఉండకూడదు కదా. రైల్వే ఆస్పత్రిలో నర్సుగా తను చేసేది ఉద్యోగం. ఇంట్లో చేసేదానికి పేరు లేదు.

"పోనీ ఛుట్టీ అడగలేకపోయావా?" అంది సారమ్మ.

"మేట్రన్ వేసేసింది అత్తయ్యా. నేనేం చెయ్యను?"

ఆ మాట అంటున్నప్పుడు సుశీల చెవులు వేడెక్కాయి. ఎందుకంటే మేట్రన్ ఎవరికీ ఏమీ వెయ్యలేదు. ఎనభై ఏడు సంవత్సరం మార్చి నెల అది. కాలనీ గ్రౌండ్‌లో ఆర్కెస్ట్రా మేళా పెడుతున్నారు, నాగపూర్ నుంచి, బిలాస్‌పూర్ నుంచి, ఖరగ్‌పూర్ నుంచి బ్యాండ్లు వస్తున్నాయి, జనం తోసుకుంటే దెబ్బలు తగులుతాయి కాబట్టి ఫస్ట్ ఎయిడ్ టెంటులో ఒక నర్సు కూర్చోవాలి, ఎవరెళ్తారు అని మేట్రన్ అడిగింది. బదులు సెలవు ఇవ్వరని తెలిసి అందరూ గోళ్ళు చూసుకున్నారు. సుశీల చెయ్యెత్తింది. అది తమ ఇంటి కూడిక రోజని ఎత్తేముందే తెలుసు ఆమెకి. తెలిసే ఎత్తింది. ఆ మాట మనసులో అనుకోవడానికి కూడా భయమేసి, మూడు రోజులుగా ఇంట్లో అందరికంటే ముందు లేస్తోంది, అందరికంటే చివర తింటోంది. ఏదో జరిమానా కట్టుకుంటున్నట్టు.

కొత్త చాప మీద హార్మోనియం పెట్టి పైన గుడ్డ కప్పింది. ఆ పెట్టె ఆమెదే. తుని దగ్గర ఉపదేశిగా పనిచేసిన తండ్రి పెళ్ళిలో ఇచ్చాడు. పెళ్ళికి ముందు ఆదివారాలన్నీ గుళ్ళో సుశీలే వాయించేది. రాయపూర్ వచ్చిన మొదటి నెలలో, గుడికి తయారవుతూ హార్మోనియం బయటికి తీస్తే, భర్త జ్ఞానప్రకాశం ఎంతో నెమ్మదిగా చెప్పాడు: "సంఘంలో పెద్దవాళ్ళున్నారు సుశీలా. కొత్త కోడలివి, ముందు కూచుని వాయిస్తే బాగోదు. సుందరరావుగారు వాయిస్తారులే." గట్టిగా అని ఉంటే గట్టిగా జవాబు చెప్పేదేమో. ఆయన గట్టిగా ఎప్పుడూ అనడు, అదే చిక్కు. కొత్త కోడలు పాతదయింది, కూతురు మేరీకి పదేళ్ళొచ్చాయి, సుందరరావుగారు ఇంకా వాయిస్తూనే ఉన్నారు. ఏ పాటైనా ఆయన చేతిలో పడితే ఎడ్లబండి ఎక్కుతుంది. వెనక వరుసలో పిల్లల్ని అదిలిస్తూ కూర్చున్న సుశీల వేళ్ళు పమిట కింద సరైన చోట పడుతుంటాయి.

నాలుగున్నరకి గ్రౌండ్‌కి వెళ్ళింది. టెంటు స్టేజీకి పక్కగా ఉంది. దూది, టించర్, కట్టు గుడ్డలు బల్ల మీద సర్దుకుని, ఎవరికీ దెబ్బలు తగలకుండా చూడు ప్రభువా అని ప్రార్థించింది. ప్రార్థించాక సిగ్గేసింది. జనం క్షేమం కోసం కాదు ఆ ప్రార్థన, పాట మధ్యలో లేవాల్సి వస్తుందేమోనని.

మొదట బిలాస్‌పూర్ వాళ్ళు ఎక్కారు. ఆ డ్రమ్ముల దెబ్బకి బల్ల మీది కత్తెర కదిలింది. రేడియోలో ఇన్నేళ్ళు విన్నది పాట కాదు, పాట తాలూకు వార్త అనిపించింది ఆమెకి. ఇక్కడ పాట అరికాళ్ళలోంచి ఎక్కుతోంది. బీర్‌గావ్ ఫ్యాక్టరీల నుంచి వచ్చిన కుర్రాళ్ళు నేల మీద కూర్చుని ఈలలు వేస్తున్నారు. వాళ్ళలో ఒకడి కంట్లో దుమ్ము పడితే కడిగి పంపింది, పాదంతో తాళం వేస్తూనే. ఇంట్లో ఈపాటికి పాస్టరు అయ్యగారు వచ్చి ఉంటారు. మొదటి పాట అయిపోయి ఉంటుంది. గుగ్గిళ్ళకి తాలింపు పెట్టమని అత్తయ్యకి చెప్పానా లేదా? చెప్పాను. సంతోషం వెనకే అపరాధం నీళ్ళబిందె మోస్తున్నట్టు తొణుకుతూ నడిచింది. రెండూ ఒకేసారి ఉంటాయని ఆమెకి అంతకుముందు తెలియదు.

ఖరగ్‌పూర్ బ్యాండు వాళ్ళ వంతుకి ముందు ఒకావిడ టెంటులోకొచ్చింది. నలభై దాటిన మనిషి. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుంది. మెడలో పెద్ద అకార్డియన్ వేళ్ళాడుతోంది. భుజం మీద పట్టీ ఒరుసుకుని చర్మం లేచిపోయింది.

"జల్దీ కట్టు కట్టు బెహన్, ఇప్పుడే ఎక్కాలి," అంది హిందీలో.

సుశీల టించర్ రాస్తూ అడిగింది, "ఇలా ఊళ్ళు తిరుగుతారు కదా, మరి ఇంట్లో ఎవరు చూసుకుంటారు?" అడిగాక నాలిక్కరుచుకుంది. తనని అత్తవారి చుట్టాలందరూ అడిగే ప్రశ్నే తన నోట్లోంచీ వచ్చింది.

ఆవిడ నొచ్చుకోలేదు. "మా ఆయనే. మొదట్లో పప్పు మాడ్చేవాడు. మాడినదే అందరం తిన్నాం. ఇప్పుడు బానే చేస్తాడు," అని నవ్వి, కట్టు మీద పట్టీ సర్దుకుని వెళ్ళిపోయింది. అంత తేలికా? మాడిన పప్పు కొన్నాళ్ళు తినడానికి ఇంటిల్లిపాదీ ఒప్పుకుంటే చాలా? సుశీల టించర్ సీసాకి మూత పెట్టడం మరిచిపోయి నిలబడింది.

ఆవిడ వాయించింది. మిగతా వాద్యాలన్నీ ఆపించి, ఒక్కతే, నెమ్మదిగా. అకార్డియన్ తిత్తి తెరుచుకుని మూసుకుంటుంటే సుశీల ఎడమ చెయ్యి దానంతటదే హార్మోనియం తిత్తి ఆడించినట్టు ఆడింది. ఎదురుగా మైదానం నిండా జనం, ఒక్క ఈల లేదు. తండ్రి గుర్తొచ్చాడు, తుని గుడి గుర్తొచ్చింది, లంగా ఓణీలో చాప మీద ముందు కూర్చున్న తను గుర్తొచ్చింది. ఆఖరి స్వరం సన్నగా సాగి ఆగింది. చప్పట్లు ఇంకా మొదలవలేదు. ఆ నిశ్శబ్దంలో, చిన్నప్పట్నుంచీ పాట ముగియగానే అలవాటుగా వచ్చే మాట, సుశీల నోట్లోంచి గట్టిగా వచ్చేసింది.

"ఆమేన్!"

ముందు కూర్చున్నవాళ్ళు టెంటు వైపు తిరిగి చూశారు. స్టేజీ మీది ఆవిడ కూడా చూసి, చెయ్యెత్తి నవ్వింది. సుశీల బల్ల కింద ఏదో పడినట్టు వంగి చాలాసేపు వెతికింది.

ఇంటికొచ్చేసరికి కూడిక అయిపోయింది. మేరీ మంచం మీద కూర్చుని ఉంది. చేతి మీద సిరా నీలంగా పూసి ఉంది. టీ పోస్తుంటే గిన్నె జారి చెయ్యి కాలిందట.

"పెద్దగా ఏం కాల్లేదు. నువ్వు డ్యూటీలో ఉంటివి, నీ తప్పేముందిలే," అంది సారమ్మ.

సుశీల సిరా కడిగి మందు రాసింది. ఊళ్ళోవాళ్ళ భుజాలకి కట్లు కట్టి వచ్చింది, ఇక్కడ పిల్లకి సిరా పూశారు. తను ఆ చెయ్యెత్తకపోయి ఉంటే? ఏడుపు దిగమింగాక ఇంకో ప్రశ్న వచ్చింది. ఇంటినిండా పెద్దవాళ్ళుండగా పదేళ్ళ పిల్ల ఎందుకు పోసింది టీ? ఆ ప్రశ్న అడగడానికి తనకేం హక్కుందని నోరు మూసుకుంది.

"అందరం నీ కోసం ప్రార్థన చేశాం సుశీలా," అన్నాడు జ్ఞానప్రకాశం. "ఆ హల్లాగుల్లా మధ్య ఒంటరిగా పడ్డావని అయ్యగారు కన్నీళ్ళు పెట్టుకున్నారు."

అది చాలక, మర్నాడు గుడి బయట సూరిబాబు గోరుచుట్టు మీద రోకటిపోటు వేశాడు. వర్క్‌షాపులో పనిచేసే సూరిబాబు సంఘంలో యువజనుల నాయకుడు. "అంతమంది లోకస్థుల మధ్య సుశీలక్క భయపడకుండా ఆమేన్ అని కేకేసింది అయ్యగారూ! మైదానమంతా సైలెంట్! నేను నా చెవులతో విన్నా," అన్నాడు. శ్రమదినాల్లో అతను ఆ మేళాలో ఏం చేస్తున్నాడో ఒక్కరూ అడగలేదు. అందరూ సుశీల చేతులు పట్టుకున్నారు. వచ్చే శనివారం దానియేలుగారింట్లో కూడికలో సుశీల లేచి, దేవుడు తనని ఎలా నిలబెట్టాడో సాక్ష్యం చెప్పాలని అక్కడికక్కడే నిర్ణయమైపోయింది.

దొంగకు తేలు కుట్టినట్టయింది ఆమె పని. వారమంతా వార్డులో సూదులు వేస్తూ, ఇంట్లో చపాతీలు వత్తుతూ అదే ఆలోచన. అబద్ధ సాక్ష్యం ఎంత పాపమో సండే స్కూలు పిల్లలకి చెప్పేది తనే. నిజం చెబితే మొగుడి తల వంగిపోతుంది, అత్తగారు రేపట్నుంచి ఏ మొహంతో గుడికెళ్తుంది? అబద్ధం చెబితే అందరూ క్షేమం. ఒక్క దేవుడికే తెలుస్తుంది, ఆయన ఇప్పటిదాకా ఎన్ని చూడలేదు? ఇలా దేవుడితో కూడా బేరమాడుతున్నానా అని మళ్ళీ కుమిలిపోయింది.

శుక్రవారం సాయంత్రం బట్టలు మడతపెడుతూ, "నాకేమీ చెప్పాలని లేదండీ. మీరనుకున్నంత గొప్ప ఏమీ జరగలేదక్కడ," అంది.

"ఈ వినయమే నాకు నచ్చేది నీలో," అన్నాడు జ్ఞానప్రకాశం పేపర్లోంచి. "ఇంకో సంగతి. సోమవారం అయ్యగారూ నేనూ వెళ్ళి మేట్రన్ సాబ్‌ని కలుస్తాం. ఇకమీదట మా విశ్వాసి ఆడవాళ్ళని ఆ పాటలూ గంతుల డ్యూటీలకి బిల్కుల్ వెయ్యొద్దని చెప్పేస్తాం. నీకిక ఆ బాధ ఉండదు."

సుశీల చేతిలో ఆయన చొక్కా ఉంది. మడత విప్పి మళ్ళీ పెట్టింది. సోమవారం మేట్రన్ నవ్వుతుంది, మీ ఆవిడే కదా చెయ్యెత్తింది అంటుంది. లేదా అనదు, సరే అంటుంది. ఏదైనా ఆ టెంటు ఇక తనకి లేదు. ఎవరూ లాక్కోలేదు, తిట్టలేదు, తలుపు వెయ్యలేదు. తన మీద ప్రేమతోనే, తన అబద్ధంతోనే తాళం వేస్తున్నారు. ఆ తాళం తను రేపు అందరి ముందూ నిలబడి బిగించాలి.

దానియేలుగారి ఇల్లు కిక్కిరిసిపోయింది. హార్మోనియం అక్కడికి వచ్చింది, కూడిక ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటికి ఆ పెట్టె వెళ్తుంది. సుందరరావుగారు దాని వెనక బాసిపట్టు వేసుకుని కూర్చున్నారు. పాట బండెక్కి నెమ్మదిగా దిగాక, అయ్యగారు సుశీలని పిలిచారు. ఆమె లేచి నిలబడింది. జ్ఞానప్రకాశం మొహం వెలుగుతోంది. సారమ్మ ముందే కళ్ళు తుడుచుకుంటోంది. మేరీ ఎర్రటి మచ్చ ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అమ్మకేసి చూస్తోంది.

"దేవునికి స్తోత్రం," అంది సుశీల. "మీరందరూ నా కోసం ప్రార్థన చేశారు. క్షమించండి. నాకా డ్యూటీ ఎవరూ వెయ్యలేదు. నేనే అడిగి వేయించుకున్నాను. ఒకావిడ అకార్డియన్ వాయించింది. అది విని నేను ఆమేన్ అన్నాను. గుళ్ళో అంత మనస్ఫూర్తిగా అని చాలా ఏళ్ళయింది. ఇంట్లో అబద్ధం చెప్పి వెళ్ళినందుకు సిగ్గుపడుతున్నాను. విన్నందుకు మాత్రం సిగ్గుపడటం నాకు చేతకావట్లేదు. వచ్చే ఏడు మేట్రన్ అడిగితే మళ్ళీ చెయ్యెత్తుతాను. ఈసారి చెప్పి వెళ్తాను. ఆ పూట టీ పెద్దవాళ్ళెవరైనా పోయండి."

సాక్ష్యం ముగిస్తే అందరూ ఆమేన్ అంటారు. ఎవరూ అనలేదు. జ్ఞానప్రకాశం కిందకి చూస్తున్నాడు. సారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపల వంటింట్లో టీ పొంగి పొయ్యి మీద చుయ్యిమంది, ఆడవాళ్ళెవరూ కదల్లేదు. సుశీల ఆ ఇద్దరి మొహాలూ చూడలేకపోయింది. చేసిన తప్పు చేసినట్టే ఉంది, చెప్పినంత మాత్రాన తేలిక అవలేదు. ఇది ఇంటికి తనతోనే వస్తుంది, రేపు తనతోనే లేస్తుంది.

సాక్ష్యం తరవాత పాట ఉండాలి. సుందరరావుగారు ఏం చెయ్యాలో తెలియక మెట్ల మీద చేతులు పెట్టి, అయ్యగారి మొహంలోకి చూస్తున్నారు. సుశీల వెనక వరుసలో తన చోటుకి వెళ్ళలేదు. చాపల మధ్య నుంచి ముందుకి నడిచి, నాన్న ఇచ్చిన పెట్టె దగ్గర కూర్చుంది.

"కాస్త జరగండి సుందరరావుగారూ," అంది.