నిండుకున్న పీపా

కొండమ్మను మీరే ఇలా చేశారు. రేపల్లె విజ్ఞాన సంఘం పెద్దలారా, మీరే. చదువురాని మనిషి నోటికొచ్చింది వాగి ఊరిమీదికి ముప్పు తెచ్చిందని చెప్పుకు తిరుగుతున్నారు. ఆమెను పిలిచి అడిగిందెవరు? ఆమె నా అక్క. జరిగింది రాస్తున్నాను, చదవండి.

ఈ 1969 వేసవిలో, బాపట్లలో ఫిజిక్సు చెప్పే రంగనాయకులు మాస్టారు తెనాలిలో ఒక ఇనప పీపా పోతపోయించాడు. రైల్లో రేపల్లె తెచ్చి మీ సంఘం షెడ్డులో దింపాడు. మోటారు నడపడానికి నన్ను పెట్టారు. లోపలి గాలంతా తోడేశాం. గాలి అయ్యాక వేడి, వేడి అయ్యాక వెలుతురు కూడా తోడించాడు. చివర మిగిలేదే అసలైన శూన్యమట.

"దానికి తను ఖాళీయో నిండో తనకే తెలీదురా తోమాసూ," అన్నాడు. "ఎవరో ఒకరు చూసి చెప్పాలి. ఏం చెబితే అలా కుదురుకుంటుంది."

"అయితే మీరే చూడండి మాస్టారూ."

"నాకు ముందే తెలుసు కదరా! తెలిసినవాడి మాట లెక్కలోకి రాదు. ఏమీ తెలియని మనిషి కావాలి."

షెడ్డు ఊడుస్తున్న మా అక్క కనిపించింది. మీరంతా కుర్చీల్లో ఉన్నారు. అక్క చీపురు కింద పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుని, పీపాకున్న గాజుబిళ్ళకు కన్ను ఆనించింది. ఆనించిందో లేదో, కాలినట్టు వెనక్కి జరిగింది. లోపల ఏమీ లేదు. నల్లగా కూడా లేదు.

"ఏం కనబడిందమ్మా?" అని అడిగాడు మాస్టారు.

మా ఇంట్లో లేదన్న మాట అనం. బియ్యం లేకపోతే నిండుకున్నాయంటాం. ఉప్పు నిండుకుంటుంది, కిరసనాయిలు నిండుకుంటుంది. మీ ఇళ్ళలోనూ అంతే, కాకపోతే మీకు ఆ మాటతో పని తక్కువ.

"అంతా నిండుకుందండయ్యా," అంది అక్క.

మీరు పగలబడి నవ్వారు. "పీపాలో బియ్యం పోశామనుకుందా ఏంటి!" అన్నాడు మాస్టారు. ఆ నవ్వు మధ్యలో మోటారు ఆగింది. నేను ఆపలేదు.

పీపా ఆ మాట పట్టుకుంది. ఖాళీ అనీ విన్నది, నిండు అనీ విన్నది. రెండూ అయి కూర్చుంది. కూర్చుని ఊరుకోలేదు.

మొదట షెడ్డులోని నీళ్ళకుండ. అంచుదాకా నీళ్ళున్నాయి. గ్లాసు ముంచితే పొడిగా పైకొచ్చింది. ఆ పూటే పక్కవీధిలో పుల్లమ్మ పెట్టిన కేక అందరూ విన్నారు. డబ్బా నిండా బియ్యం, చేతికి ఒక్క గింజ తగల్లేదు. "నా చెయ్యుందా అమ్మా, చూడండి, నా చెయ్యుందా?" అని వీధిలో పడి అడిగింది.

మర్నాడు నాకు అన్నం పెడుతూ అక్క కంచం అందించింది. నా వేళ్ళు ఆమె వేళ్ళలోంచి వెళ్ళిపోయాయి. కంచం నేలమీద పడి గిర్రున తిరిగింది. ఆ చప్పుడు ఆగేదాకా ఇద్దరం కదల్లేదు.

"తమ్ముడూ, నేనున్నానంటావా?"

"ఉన్నావే అక్కా! ఉన్నావు!" అని అరిచాను.

ఆమె చెయ్యి చల్లగా నా చేతికి తగిలింది. ఒక్క క్షణం. మళ్ళీ జారిపోయింది.

మాస్టారి దగ్గరికి పరిగెత్తాను. జరిగిందంతా విని ఆయన అన్నాడు:

"నువ్వు తమ్ముడివిరా. ఆమె ఉండాలని ముందే అనుకుని చెబుతావు. అందుకే మాట నిలవలేదు. ఆమె ఉందో లేదో ఎన్నడూ పట్టనివాళ్ళు చూసి చెప్పాలి."

"అట్లాంటివాళ్ళు ఎక్కడ దొరుకుతారండీ?"

  ఆ రోజు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళందరూ నాకు గుర్తొచ్చారు.

ఇంటింటికీ వచ్చాను. ఒకాయన కిటికీలోంచే, "మాకూ అంటుకుంటే ఎవడిదిరా పూచీ? పోరా!" అన్నాడు. మీలో ఒక్కరు గడప దాటలేదు. పైగా పీపాను అడవులదీవి తీసుకెళ్ళి, పడవెక్కించి సముద్రంలో తోసేద్దామని తీర్మానించుకున్నారు. శూన్యం మునుగుతుందా? ఒకవేళ అది నీళ్ళకిందికి పోయినా, మీరు చెప్పే మాట విని ఆమెను తిరిగి కుదుర్చేదేది?

అక్క ఇప్పుడు షెడ్డులో పీపా పక్కనే కూర్చుని ఉంది. ముద్ద నోటికి అందదు. నీళ్ళు గొంతు దిగవు. నిన్నటిదాకా ఆమె మాట వినపడింది. ఇవాళ పెదవులు కదులుతున్నాయి, నాకు వినపడటంలేదు. నాకు భయంగా ఉంది. ఇంత భయం నాకు సమ్మెలో పోలీసు లాఠీల ముందు కూడా లేదు.

పీపాను తీసుకుపోడానికి మీరు తెప్పించిన లారీకి అడ్డంగా షెడ్డు గుమ్మంలో పడుకున్నాను. పీపా కదలదు. మీరు రండి. ఈ పొద్దు వాలేలోగా, ఒక్కొక్కరే లోపలికి రండి. దండలొద్దు, ఉపన్యాసాలొద్దు. ఆమె ఎదురుగా నిలబడి, మొహంలోకి చూసి, పేరు పెట్టి పిలిచి, ఉన్నావని చెప్పండి. చూడకుండా చెబితే కుదరదు. చూడండి.