పెళ్లికొడుకు అభ్యంతరం

సినిమా అయిపోయి లైట్లు వేసేసరికి స్టెల్లా ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. ఇంటర్వెల్ నుంచీ ఏడుపే. చీర కొంగు తడిసింది, శౌరయ్య కర్చీఫ్ తడిసింది, పాప్‌కార్న్‌తో పాటు ఇచ్చిన కాగితం రుమాళ్ళు కూడా అయిపోయాయి. ఆ పాప్‌కార్న్ మాత్రం శౌరయ్యే అడుగుదాకా తిన్నాడు.

ముప్ఫయ్యో పెళ్లిరోజని కూతురు దీవెన హైదరాబాదు నుంచి ఫోన్లోనే టికెట్లు బుక్ చేసింది. "మంచి లవ్ స్టోరీ అమ్మా, నాన్నని లాక్కెళ్ళు" అంది. శౌరయ్య బస్సు డ్రైవరు. విజయవాడ నుంచి అవనిగడ్డ, అవనిగడ్డ నుంచి విజయవాడ, అదే ఆయన లోకం. మనిషి బంగారమే గానీ, మాట మాత్రం టిక్కెట్టు కొన్నవాళ్ళకే అన్నట్టు ఉంటాడు. అలాంటివాడు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మ్యాట్నీకి వచ్చాడు. అంతకంటే ప్రేమ ఎలా చూపించాలో ఆయనకు తెలీదు పాపం.

సినిమా సంగతి ఇదీ. పెళ్ళయిన ఏడాదికే హీరోకి లాంచీ ప్రమాదంలో జ్ఞాపకం పోతుంది. పెళ్లాన్ని చూసి "మీరెవరండీ?" అంటాడు. ఆ పిల్ల ఏడ్చుకుంటూ పుట్టింటికి వెళ్ళిపోతుంది. ఇంట్లోవాళ్ళు వేరే సంబంధాలు చూపిస్తే ఇతగాడికి ఒక్కటీ నచ్చదు. ఊళ్ళన్నీ తిరిగి తిరిగి, చివరికి ఓ ఇంటి గుమ్మం ముందు ఆగి, ముగ్గు పెడుతున్న పిల్లని "మీకు పెళ్లయిందాండీ?" అని అడుగుతాడు. ఆ పిల్ల ఎవరో చెప్పక్కర్లేదుగా! హాలంతా ఈలలు. స్టెల్లా వెక్కి వెక్కి ఏడ్చింది.

సినిమా కోసమే ఏడ్చిందనుకుంటే పొరపాటు. గుమ్మం ముందు ఆగిన ఆ హీరోని చూడగానే ఆమె గుండెలో ముప్ఫయ్యేళ్ళ నాటి ముల్లు కలుక్కుమంది. ఆ రోజుల్లో శౌరయ్య గుణదలలో వాళ్ళింటి ముందు ఆగింది తన కోసం కాదు, అక్క ఎలిజబెత్ కోసం. అక్కని చూసుకున్నారు, ఖాయం చేసుకున్నారు. కేథలిక్కుల్లో మూడు ఆదివారాలు గుడిలో పేర్లు ప్రకటించాకే పెళ్లి కదా, చల్లపల్లి దగ్గర శౌరయ్యవాళ్ళ ఊరి గుడిలో మొదటి ప్రకటన కూడా చదివించారు. ఆ మర్నాడే శౌరయ్య వాళ్ళ నాన్న గుణదల వచ్చాడు. పెద్దవాళ్ళు తలుపులేసుకుని గంటసేపు మాట్లాడుకున్నారు. సాయంత్రానికి అక్క, "ఈ పెళ్లి నాకొద్దు, నేను కన్యాస్త్రీల మఠంలో చేరతాను" అంది. వారం తిరక్కుండా అదే పెళ్లికొడుక్కి స్టెల్లాని ఖాయం చేశారు. టైరు పంక్చరైతే స్టెప్నీ బిగించినట్టు! ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఒక్క మాట తూలింది లేదు, ఒక్క లోటు చేసింది లేదు. అయినా ఆ ముల్లు అక్కడే ఉండిపోయింది.

స్కూటరు మీద ఇంటికెళుతూ సిగ్నల్ దగ్గర ఆగారు. స్టెల్లా ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఏమండీ, మీకూ అలా జ్ఞాపకం పోతే ఎవరింటి ముందు ఆగుతారు?"

"మనింటి ముందే. తాళంచెవి నా జేబులోనే ఉందిగా" అన్నాడు శౌరయ్య.

"ఛ! మీకు చెప్పినా ఒకటే, గోడకి చెప్పినా ఒకటే. పెళ్లి సంగతండీ నేనడిగేది! పాతదంతా తుడిచిపెట్టుకుపోతే మళ్ళీ ఎవరి కోసం వస్తారు? మా అక్క కోసమా, నా కోసమా?"

శౌరయ్య స్కూటరు అద్దం సర్దాడు. సిగ్నల్ పచ్చగా మారింది. వెనక ఆటోవాడు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. స్కూటరు కదిలింది కానీ జవాబు రాలేదు.

చెప్పొద్దూ, అక్క కోసమే అని ఉంటే కనీసం పోట్లాడొచ్చు. నోరే విప్పనివాడితో ఏం పోట్లాడతాం? ఆ మౌనమే జవాబనుకుంది స్టెల్లా.

ఇంటికొచ్చాక వంటింటి వైపు వెళ్ళలేదు. హాల్లో కుర్చీలో కూలబడి ఫ్యాను వంక చూస్తూ ఉండిపోయింది. శౌరయ్య అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు తిరిగాడు. చివరికి తనే టీ పెట్టబోయి, సగం స్టవ్ మీద పొంగించి, మిగిలింది గ్లాసులో పోసి తెచ్చాడు. ఆమె తాగలేదు.

"అక్కే నచ్చింది కదా మీకు? నిజం చెప్పండి, నేనేం అనుకోను" అంది. అనుకోనన్న మనిషి గొంతు అప్పటికే జీరబోయింది.

ఆ గొంతు విని శౌరయ్య ఎదుటి కుర్చీలో కూర్చుని ఫోన్ తీశాడు. నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, టీపాయ్ మీద ఉంచాడు. అవతల నరసరావుపేట వైపు కాన్వెంటులో ఉంటున్న సిస్టర్ ఎలిజబెత్ ఎత్తింది.

"వదినగారూ, ఇక నా వల్ల కాదండీ. ఆ మాట చెప్పేస్తాను" అన్నాడు.

"ఓరి దేవుడా, ఇంకా చెప్పలేదా! నాన్న ఉన్నంతకాలం చెప్పొద్దన్నాను గానీ, నాన్న పోయి ఆరేళ్ళయింది కదయ్యా!"

"చెప్పమని మీరు అనలేదుగా. మాటిచ్చాక మాటే కదండీ."

స్టెల్లా నిటారుగా కూర్చుంది. "ఏం మాట? ఇద్దరూ కలిసి నా దగ్గర ఏం దాచారు?"

"ఆయన్నే చెప్పనీవే" అంది అక్క.

చెప్పాడు. శౌరయ్య నోట అన్ని మాటలు ఒక్కసారిగా రావడం స్టెల్లా చూడటం అదే మొదలు.

"ఆ ఆదివారం మా ఊళ్ళో పూజ అయ్యాక ఫాదర్ గారు ప్రకటన చదివారు. శౌరయ్యకీ ఎలిజబెత్‌కీ పెళ్లి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అన్నారు. ఆ మాట ప్రతి పెళ్లికీ అంటారు, ఎవరూ లేవరు. నేను లేచాను."

"మీరా? పెళ్లికొడుకు మీరే కదండీ!"

"మా నాన్న చొక్కా పట్టుకుని కిందికి లాగాడు. చొక్కా చిరిగింది గానీ నేను కూర్చోలేదు. ఏమిటయ్యా నీ అభ్యంతరం అన్నారు ఫాదర్. పెద్దమ్మాయి కాదు ఫాదర్, చిన్నమ్మాయి, స్టెల్లా అన్నాను. గుడంతా గొల్లున నవ్వింది. ఫాదర్ గారు మహానుభావుడు. నన్నోసారి ఎగాదిగా చూసి, 'కళ్ళజోడు మార్చాలి, పేరు తప్పు చదివినట్టున్నాను' అనేశారు. ఊరంతా అదే నమ్మింది. తర్వాత లోపలికి పిలిచి నా చెవి మెలేశారనుకో."

ఫోన్లో ఎలిజబెత్ పగలబడి నవ్వుతోంది. "నాకు చిన్నప్పటి నుంచీ మఠం మీదే మనసు. నాన్నతో చెప్పే ధైర్యం లేక, ఈ పెళ్లి తప్పించు తల్లీ అని నెల రోజులు మన గుణదల కొండెక్కి మేరీమాతకి మొక్కుకున్నాను. ఈయన లేచి నిలబడ్డాడని తెలియగానే ఎగిరి గంతేశాను! కానీ పెద్దదాన్ని కాదన్నారని నలుగురూ అంటే నాన్న తలెత్తుకోలేడు. అందుకే నేనే వద్దన్నానని చెప్పాం. నీకు చెబుదామంటే, నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే!"

ఆ తిట్టు కూడా స్టెల్లాకి తియ్యగానే వినిపించింది. కానీ ఒక అనుమానం తీరలేదు. "నన్ను మీరెప్పుడు చూశారండీ? అక్కని చూడటానికి వచ్చిన రోజు నేను కర్టెన్ వెనకే ఉన్నాను."

"చూళ్ళేదు, విన్నాను. మావాడు బస్సు నడిపితే గ్లాసులో నీళ్ళు తొణకవని మా నాన్న గొప్పలు చెబుతున్నాడు. కర్టెన్ వెనక నుంచి నువ్వు, 'మరి మా స్టాపులో ఎందుకు ఆపరండీ? రోజూ పరిగెత్తలేక చస్తున్నాం' అన్నావు. మీవాళ్ళంతా ఉష్ ఉష్ అన్నారు. నేను మర్నాడంతా స్టీరింగ్ ముందు నవ్వుకుంటూనే ఉన్నాను. ఇలాంటి మనిషి ఇంట్లో ఉంటే చాలనిపించింది. ఆ మాట చెప్పే ధైర్యం వచ్చేసరికి వ్యవహారం ప్రకటన దాకా వచ్చేసింది."

"నేనన్నానా? నాకు గుర్తే లేదండీ!"

"నాకుంది" అన్నాడు శౌరయ్య.

స్టెల్లాకి ఏడుపూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి. గుడి నిండా జనం ముందు, కన్నతండ్రి చొక్కా పట్టి లాగుతున్నా, తన పేరే చెప్పి నిలబడ్డ మనిషితో కాపురం చేస్తూ, ముప్ఫయ్యేళ్ళు లోపల్లోపల కుమిలిందా పిచ్చిది! ఇంత సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇంకోసారి చెప్పండి" అంది కళ్ళు తుడుచుకుంటూ. "అలాగే, లేచి నిలబడి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

శౌరయ్య లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "పెద్దమ్మాయి కాదు ఫాదర్" అన్నాడు ఎదురుగోడకేసి చూస్తూ. తర్వాత భార్య వైపు తిరిగి, "చిన్నమ్మాయి. స్టెల్లా" అన్నాడు.

స్టెల్లా కొంగులో మొహం దాచేసుకుంది. ఫోన్లోంచి అక్క, గొంతు పెద్దది చేసి, అచ్చం ఫాదర్ గారిలా అడిగింది. "ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

"లేదక్కా" అంది స్టెల్లా కొంగులోంచే. "అస్సలు లేదు."

కూర్చోమని ఎవరూ అనకపోవడంతో శౌరయ్య ఇంకా నిలబడే ఉన్నాడు.