పన్నెండో అంతస్తు మనిషి

మా మనవరాలిని ఇంట్లో మునీశ్వరి అంటాం. చిన్నప్పుడు అది ఆవలించడానికి నోరు తెరిచినా, ఏదో చెప్పబోతోందని పక్కింటివాళ్లు కూడా పరుగెత్తుకొచ్చేవారు. ఇందులో అబద్ధం సగమే.

సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా దాని పనికి వంక పెట్టినవాళ్లు లేరు. ఓ పెద్ద కంపెనీ ఇంటర్వ్యూ మాత్రం రెండుసార్లు పోయింది. రెండుసార్లూ ఇచ్చిన ప్రశ్నకు తప్పు లేకుండా జవాబు రాసింది. "జవాబు సరే, మీరెలా ఆలోచిస్తారో మాకు తెలియలేదు" అన్నారట. అక్కడి పద్ధతి అది. కోడ్ రాస్తున్నంతసేపూ బుర్రలో నడిచేదంతా పైకి చెబుతుండాలి. మూడోసారి పోతే ఏడాది దాకా గుమ్మం తొక్కనివ్వరు. అది ఇప్పుడు చేస్తున్న చిన్న కంపెనీ చూస్తే నెలాఖరుకి మూతపడుతోంది.

"మాట్లాడటం నేర్చుకోవడానికి బయటికెందుకు, మామయ్య లేరూ?" అంది మా కోడలు. మెచ్చుకుందో దెప్పిందో నేను ఆరా తీయలేదు.

మూడు వారాలు ఇంటర్వ్యూ ఆఫీసరుని నేనే. అది నోరు మూసినప్పుడల్లా చేతికర్రతో నేలమీద టకటకా కొట్టేవాణ్ణి.

"ఆలోచిస్తున్నా తాతయ్యా!"

"ఆ ఆలోచనేదో నా చెవిన వెయ్యి. నీ పుర్రె గాజుదా, లోపలిది కనబడ్డానికి?"

"చెప్పినా మీకు అర్థం కాదుగా."

"అర్థమైతే నేనే పోయి చేరేవాణ్ణి. కానియ్."

ఇంటర్వ్యూ ఇంట్లోంచే, కంప్యూటర్ తెర మీద. అది గది తలుపు వేసుకుంది. నేను హాల్లో ఆ తలుపు పక్కనే, పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను.

"పేపరు తలకిందులుగా పట్టుకున్నారు మామయ్యా" అని కోడలు వంటింటి వైపు వెళ్లింది.

ప్రశ్న లిఫ్టు గురించి. పన్నెండు అంతస్తులు, ఒకటే లిఫ్టు. పిలుపుల మీద పిలుపులు వస్తుంటే ముందు ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించే కోడ్ రాయాలి. "దగ్గరి అంతస్తుకే ముందు పంపిస్తాను, తిరుగుడు తగ్గుతుంది" అంటూ మునీశ్వరి అరగంట గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

కీబోర్డు చప్పుడు కూడా లేదు. గోడ గడియారంలో నిమిషం గడిచింది. నా చెయ్యి కర్ర మీదికి పోయింది. ఒక్కసారి టక్కుమనిపిస్తే అందుకుంటుంది. కానీ పక్కన ఎవరో సాయం చేస్తున్నారనుకుంటే అసలుకే మోసం. కోడల్ని సైగ చేసి పిలిచి, కర్ర చేతికిచ్చి, తీసుకెళ్లి దాచెయ్యమన్నాను.

"నేను తప్పు రాశాను." లోపల్నుంచి గొంతు వినబడింది. "కింది రెండంతస్తుల వాళ్లు వరసగా పిలుస్తుంటే నా లిఫ్టు అక్కడక్కడే తిరుగుతుంది. పన్నెండో అంతస్తు మనిషి పొద్దస్తమానం నిలబడాల్సిందే. ఎవరు ఎంతసేపటి నుంచి చూస్తున్నారో కూడా కలుపుకోవాలి. ఇదంతా చెరిపేస్తున్నాను."

చెరిపింది. మళ్లీ మొదలుపెట్టింది. అంతలో టైం అయిపోయింది.

బయటికొచ్చి కుర్చీలో కూలబడింది. "సగమే రాశాను తాతయ్యా. ఈసారి జవాబు కూడా లేదు."

నేనే లేచి వెళ్లి దానికి మంచినీళ్లు తెచ్చిచ్చాను.

అయిదో రోజు ఫోను మోగింది. స్పీకరు పెట్టించాను.

"కోడ్ పూర్తికాలేదని మాలో ఒకరు వద్దన్నారు" అంది అవతలి ఆవిడ. "కానీ మేం చెప్పకుండానే మీ తప్పు మీరే పట్టుకున్నారు. ఎలా దిద్దాలో కూడా చెప్పారు. ఒకటో తారీఖున వచ్చి చేరండి."

ఫోను పెట్టేసరికి కోడలు వంటింట్లోంచి పరుగున వచ్చింది. "ఏమన్నారే?"

"ఉద్యోగం నాకిచ్చారమ్మా" అన్నాను. "ఈ వయసులో లిఫ్టులు తిప్పలేనని దీనికి బదిలీ చేశాను."

"నమ్మకమ్మా" అంది మనవరాలు. "మూడు వారాలకే ఆయన్ని పనిలోంచి తీసేశాం."