కత్తి డాక్టరు మోకాలు

ఎముకల ఆపరేషన్లు చేసే కత్తి డాక్టరు చేతికర్ర ఊతంతో ఫిజియోథెరపీ గుమ్మం ఎక్కిన పొద్దున, ఫిజియో మేడమ్ చేతిలో పని వదిలేసి లేచి నిలబడింది. పన్నెండేళ్లుగా ఆమె పగబట్టి కూర్చున్నది ఆ మనిషి మీదే మరి!

"పాపం పండిందే అమ్మాయ్," అని మేడమ్ చెవిలో గొణిగింది, అక్కడే టోకెన్లిచ్చే ఆమె అత్తగారు. "పాము దానంతటదే వచ్చి బుట్టలో పడింది."

పండదూ మరి! ఫిజియో చదవకముందు మేడమ్ వాలీబాల్ ఆడేది. నెట్ దగ్గర కాలు మెలిపడి మోకాలి లోపలివైపు లిగమెంటు సగం తెగింది. తొడ ఎముకనీ కాలి ఎముకనీ కలిపి పట్టుకునే పీచు అది. సగం తెగితే పట్టీ వేసి వ్యాయామం చేయిస్తే చాలు, సాధారణంగా దానంతటదే అతుక్కుంటుంది. ఆ సంగతి ఆమెకు ఈ చదువు చదివాక తెలిసింది. తెలిసిన రోజే పగ మొదలైంది. "కొయ్యాల్సిందే" అని ఈ మహానుభావుడు కోసి కుట్టాడు. మోకాలు బిగుసుకుపోయింది, ఆట మట్టికొట్టుకుపోయింది. 'నీకు అక్కర్లేని ఆపరేషన్ చేశాను' అని ఆయన నోటితో అనిపించాలి. ఆమెకు ఇంకేమీ వద్దు.

ఆయన ఆమెను గుర్తుపట్టనే లేదు. ఎన్ని వేల మోకాళ్లు కోశాడో, ముఖాలెక్కడ గుర్తుంటాయి?

"మెట్ల మీద జారానమ్మా. లోపలి లిగమెంటు సగం తెగింది. పట్టీ వేసుకున్నాను, వ్యాయామం నువ్వు చేయించు."

"ఆపరేషన్ చేయించుకోకపోయారా డాక్టరుగారూ?"

"దీనికి ఆపరేషనేంటమ్మా, నాకేం పిచ్చా!" అని నవ్వాడు.

ఔరా! ఊరందరికీ కత్తి, తనకు మాత్రం పట్టీ!

ఆయన్ని బల్లమీద పడుకోబెట్టి మడమ పట్టుకుంది. పక్కకు ఒక్క నొక్కు నొక్కితే సగం తెగింది కాస్తా పూర్తిగా తెగుతుంది. చేతులు ఎంత దురద పెట్టాయో చెప్పలేం. పళ్లు బిగబట్టి కాలు మెల్లగా కిందికి దించింది.

"చేతికి చిక్కినవాణ్ణి వదిలేశావేమే?" అని మధ్యాహ్నం అత్తగారు నిలదీసింది.

"ఈ కాలు కుంటిదైతే రేపు ఆయన ఏమంటాడత్తయ్యా? వ్యాయామం దండగ, కోయించుకున్నా బాగుండేది అంటాడు. నేను బంగారంలా బాగుచేస్తాను. ఆయన కాలే ఆయన మీద సాక్ష్యం చెప్పాలి."

ఎనిమిది వారాలు పిండి పిప్పి చేసింది. గోడకానుకుని కుర్చీ లేకుండా కూర్చోబెట్టింది. దొంగాట ఆడితే లెక్క మళ్లీ ఒకటి నుంచి. ఆయన చేతుల్లో కోతపడ్డవాళ్లే హాల్లో సగం మంది, వాళ్లకది ఉచిత వినోదం.

"ఇక చాలమ్మా, తల్లీ!"

"పేషెంట్లు అలాగే బతిమాలతారండీ. మీరెప్పుడైనా విన్నారా ఏమిటి?"

ఆఖరి రోజున ఆయన కర్ర లేకుండా వచ్చాడు. ఆమె ఒక పాత స్కాన్ ఫిల్మును లైటు ముందు పెట్టింది. పేర్లున్న మూలకి ప్లాస్టరు అంటించి ఉంది.

"చిన్న వయసు పిల్లది, దీనికి మీ సలహా ఏంటండీ?"

"అచ్చం నా కాలే! పట్టీ, వ్యాయామం. చిన్న వయసు కాబట్టి నాకన్నా ముందే అతుక్కుంటుంది."

"కోశారండీ."

"ఎవడా మూర్ఖుడు?"

ఆమె ప్లాస్టరు పీకేసింది. ఒక పేరు ఆమెది, ఇంకొకటి ఆయనది. ఆయన ఫిల్ము వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశాడు.

"గుర్తొచ్చింది. ఆ రోజు ఒక పేషెంటు రాలేదు. ఆపరేషన్ థియేటరు ఖాళీగా ఉంది, నీ పేరు రాయించేశాను. ఈ ఫిల్మును నేను కవర్లోంచి తియ్యనేలేదమ్మా. నీకు ఆపరేషన్ అక్కర్లేదు."

కోరుకున్న మాట వచ్చింది. కానీ ఆయన పొరపాటు పడ్డాడనో, పొగరుతో కోశాడనో ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. ఖాళీ నింపడానికి కోశాడని కలలోనైనా అనుకోలేదు. పగ తీరడం సంగతి దేవుడెరుగు, రెండింతలైంది.

"గొంతుక్కూర్చోండి," అంది. "అది చేసి చూపిస్తే గానీ ఇక్కణ్ణించి ఎవర్నీ ఇంటికి పంపం."

ఆయన కూర్చున్నాడు. మడమలకు పిరుదులు తగిలేదాకా అనాయాసంగా దిగాడు. ఆమె కూడా ఎదురుగా నిలబడి కూర్చోబోయింది. సగంలో మోకాలు ఆగిపోయింది. అక్కడే వంగి ఉండిపోయి ఆయన్ని చూసింది.

"నాకు ఇంతవరకేనండీ."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. లేవబోయాడు.

"కూర్చోండి," అంది మేడమ్. "మీకు వస్తుంది కదా, కూర్చోండి."