సుగ్గి పిల్లలకు పదహారు గడపలు

అక్టోబరు ఆఖర్లో వాన వెలిసిన మరునాడు ఇంజనీరు వచ్చి మహిళా మండలి హాలు పైకప్పును చాలాసేపు చూశాడు. తర్వాత ఒక కర్ర తీసుకుని ఒకచోట తట్టాడు. దోసెడు పెచ్చులు రాలి చాపల మీద పడ్డాయి.

"ఈడ పిల్లల్ని పండబెట్టద్దండమ్మా. రిపేరీకి ఆరునెలలు పడుతుంది," అని చెప్పి వెళ్ళిపోయాడు.

హుసేనమ్మ చీపురు తెచ్చి ఆ పెచ్చులు ఊడ్చింది. ఆమె మండలికి ప్రెసిడెంటై నాలుగు నెలలైంది. అయినా నేల మీద ఏదైనా పడితే ఊడవమని ఇంకొకరికి చెప్పడం ఆమెకు ఇంకా అలవాటు కాలేదు. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఆ హాల్లోనే పిల్లలకు వంట చేసిన మనిషి.

ఎమ్మిగనూరులో తుంగ మహిళా మండలి అంటే ఎవరైనా సుగ్గి పిల్లల మాటే చెబుతారు. దీపావళి దాటితే చుట్టూ పల్లెల్లో పనులుండవు. నందవరం, కోడుమూరు వైపు కూలిజనం ఇళ్ళకు తాళాలేసుకుని మిరపకోతలకు గుంటూరు దిక్కు పోతారు. దాన్నే సుగ్గికి పోవడమంటారు. మళ్ళీ ఉగాదికే వాళ్ళు రావడం. పిల్లల్ని వెంట తీసుకుపోతే బడి పోతుంది, ఊళ్ళో వదిలిపోతే చూసే దిక్కుండదు. ఎనభై మూడులో నలుగురు టీచరమ్మలు, ఇద్దరు నేతపనివాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు కలిసి, అలాంటి పిల్లలు పదకొండు మందిని హాల్లో పెట్టుకుని, పూటపూటా వండిపెట్టి టౌనులోని బడికి పంపారు. అక్కడ మొదలైన పని అది. ఆ పిల్లల్లో నర్సులైనవాళ్ళు, కండక్టర్లైనవాళ్ళు, టీచర్లైనవాళ్ళు ఉన్నారు.

ఈ ఏడాది రావలసిన పిల్లలు ముప్పై ఎనిమిది మంది. సుగ్గి లారీలు కదలడానికి పదిరోజులుంది.

ఆ సాయంత్రం మీటింగు సెక్రటరీ గిరిజ ఇంటి వరండాలో జరిగింది. గిరిజ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. మంత్రాలయం దగ్గర గుడి సేవలో ఉన్న కుటుంబం నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. రిపేరీకి సాయం అడుగుతూ రాసిన అర్జీ ఆమె చేతిలో ఉంది. అందులో మండలి చరిత్ర రెండు పేజీలు రాసి, అందరికీ చదివి వినిపిస్తోంది.

"నలభై రెండేళ్ళుగా ఒక్క ఏడాది కూడా ఆగకుండా ఈ సేవ..."

"ఆగింది మేడం," అంది హుసేనమ్మ.

గిరిజ కళ్ళద్దాల మీదుగా చూసింది. పక్కనే కూర్చున్న వీరమ్మ మండలిలో అందరికన్నా పెద్దది, మగ్గాల వీధి మనిషి. అర్జీ సంగతి ఆమెకు పట్టలేదు. ఆమె ఆలోచనంతా పిల్లల మీదే ఉంది.

"ఎప్పుడో ఆగింటే ఆగిందిలే. ఇప్పుడు హాలు లేదు, ఏం చేస్తాం. ఈ ఒక్క యేడాదికి వద్దని చెప్దాం. వచ్చే యేడు చూసుకోవచ్చు," అంది వీరమ్మ. ఇద్దరు ముగ్గురు అవునన్నట్టు తలలూపారు.

హుసేనమ్మ సాధారణంగా మీటింగుల్లో గోడకానుకుని కూర్చుంటుంది. ప్రెసిడెంటయ్యాకా అంతే. ఆరోజు ముందుకు జరిగి కూర్చుంది.

"అప్పుడు గూడా ఒక్క యేడాదే అన్నారు వీరమ్మక్కా. తొంభై ఒకటిలో హాలుకు బండలు పరిపిస్తాండారని పిల్లల్ని తీసుకోలేదు. నేను అప్పటిదాకా ఈ హాల్లోనే ఉండి సదువుకున్నా, అప్పుడు ఐదో తరగతి. మా నాయన మూటల పక్కన నన్ను గూడా లారీ ఎక్కిచ్చినాడు. మల్ల యేడు హాలు బాగైంది, రమ్మన్నారు. అప్పటికి నా చెయ్యి మిరపకాయ తెంపేదానికి బాగా పనికొస్తాదని మా యమ్మకు తెలిసిపోయింది. ఇంగ పంపలేదు."

ఇరవై ఏళ్ళు ఆమె చేతి కూడు పిల్లలకు పెట్టించినవాళ్ళే అందరూ. ఈ సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. ఆమె ఏనాడూ చెప్పలేదు.

"నేనొక్కదాన్నే కాదు. మా ఊరోళ్ళమే ఆరు మందిమి. మళ్ళా బడి మొగం చూసినోళ్ళు లేరు."

గిరిజ పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేసింది. పైన 'ఒక ఏడాది తప్ప' అని రాసి, ఆ ఏడాది అంకె కూడా వేసింది.

"మరి యాడ పెడదాం హుసేనమ్మా?" అంది వీరమ్మ, ఈసారి మెల్లగా.

"మనకు ఇండ్లున్నాయి గదా."

ఆ మాట పడేసరికి వరండాలో చీరల అంచులు సర్దుకోవడం మొదలైంది. హాల్లో వడ్డించడం వేరు, ఇంట్లోకి తెచ్చుకోవడం వేరు. ఏ వాడ పిల్లలో, ఎవరి పిల్లలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. హుసేనమ్మ కూడా పైకి అనలేదు.

"మాది రెండు రూములు. నలుగురు పడతారు," అంది.

"ఇక్కడ ఇద్దరు," అంది గిరిజ. భర్త ఉన్న లోపలి గది వైపు ఒకసారి చూసి, "ఆడపిల్లలైతే ముగ్గురు," అంది.

వీరమ్మ మోకాలు రుద్దుకుంది. "మా మగ్గం పక్కన జాగా ఉంది. రొద తట్టుకునేవాళ్ళను పంపు," అంది చివరికి. చీకటి పడకముందే పదహారు ఇళ్ళు తేలాయి. ఆదోనిలో ఉన్న పాత మెంబర్లకు ఫోను చేస్తే మరునాడే బస్సు మీద నలభై దుప్పట్లు వేసి పంపారు.

పిల్లలు వచ్చిన రోజు హుసేనమ్మే ఒక్కో ఇంటికి తిరిగి వాళ్ళను దిగబెట్టింది. గిరిజ ఇంటికి చేరేసరికి ఆమె అడుగు నెమ్మదించింది. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటికి వస్తూనే ఉంది, వరండా దాటి ఎప్పుడూ పోలేదు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, వస్తానని ఆమె అడగలేదు.

గిరిజ భర్త వెంకటరామయ్య గడపలో నిలబడి ఉన్నాడు. పూజ ముగించుకుని వచ్చిన మనిషి, భుజాన తడి తువ్వాలు. ముగ్గురు ఆడపిల్లలనూ, వాళ్ళ చేతి సంచులనూ చూశాడు. చిన్నదాని పేరు పల్లవి, నందవరం అవతలి పల్లె నుంచి సుగ్గికి పోయిన బజారి అనే అతని కూతురు. నాలుగో తరగతి.

"వీళ్ళు యాడ పండుకునేది సామీ? వరండాలోనా?" అనడిగింది హుసేనమ్మ.

ఆయన తువ్వాలు తీసి దండెం మీద వేశాడు.

"వరండాలో చలి. నడిమింట్లో మంచం జరిపినాను," అని పక్కకు తప్పుకున్నాడు. పిల్లలు లోపలికి పోయారు. హుసేనమ్మ మెట్టు మీదే నిలబడిపోయింది. "నువ్వు గూడా రామ్మా. ప్రెసిడెంటువి, జాగా చూసుకోవద్దా?" అన్నాడు.

ఆమె కాళ్ళు కడుక్కుని గడప దాటింది. నడిమింట్లో మూడు పరుపులు, కిటికీ, గోడకు కొత్తగా కొట్టిన మేకులు మూడు కనిపించాయి. సంచులు తగిలించుకోవడానికి అని ఆయనే చెప్పాడు. ఆమె అన్నీ చూసింది. "బాగుంది," అంది, ప్రెసిడెంటు అనవలసినట్టే.

అన్నీ సాఫీగా సాగాయని కాదు. ఒక ఇంట్లో అత్తగారు అలిగింది, ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలకు జ్వరాలొచ్చాయి. హుసేనమ్మ రోజూ సాయంత్రం పదహారు ఇళ్ళూ తిరిగేది. డిసెంబరులో ఒక మధ్యాహ్నం పల్లవి బళ్ళో లేదని కబురొచ్చింది. హుసేనమ్మ నేరుగా బస్టాండుకు పోయింది. హాల్లో ఉండి చదువుకున్న రోజుల్లో ఇల్లు గుర్తొస్తే తను ఎక్కడికి పోయేదో ఆమెకు తెలుసు. పల్లవి నందవరం బస్సు ఆగే చోట సంచి మీద కూర్చుని ఉంది.

"యాడికి పోతాండావు పాపా?"

"ఇంటికి."

"ఇంట్లో ఎవురున్నారు?"

"ఎవురూ లేరు. ఇల్లుందో లేదో చూసొస్తా."

హుసేనమ్మ తిట్టలేదు. గిరిజకు ఫోను చేసి, రెండు టికెట్లు తీసుకుంది. నందవరంలో దిగి ఆటోలో ఊరికి పోయారు. వీధంతా తాళాలే. పల్లవి తమ తలుపు దగ్గరికి పోయి తాళం పట్టుకుని లాగింది. సందులోంచి లోపలికి చూసింది. గోడ పక్కన బోర్లించిన కుండను తట్టింది.

"ఉంది," అంది.

"ఉంటాది. మీ అమ్మా నాయనా వచ్చి తెరిచేదాకా ఈడనే ఉంటాది. పోదామా?"

వచ్చిన ఆటోలోనే వెనక్కి తిరిగారు. బస్సులో పల్లవి ఆమె భుజం మీద నిద్రపోయింది. ఇంకెప్పుడూ ఆ పిల్ల బడి తప్పలేదు.

ఉగాదికి రెండురోజుల ముందు సుగ్గి లారీలు వచ్చాయి. ఎండకు నల్లబడి, మిరపఘాటుకు కళ్ళు ఎర్రబడిన జనం మూటలు దింపుకుని మూతపడిన హాలు ముందు నిలబడ్డారు. హుసేనమ్మ వాళ్ళందరినీ వెంటబెట్టుకుని మగ్గాల వీధిలోంచి నడిచింది. ఒక్కో ఇంటి ముందు ఆగి, ఒక్కో పిల్లను, పిల్లాణ్ణి వాళ్ళవాళ్ళకు అప్పజెప్పింది. వీరమ్మ తన ఇంట్లో ఉన్న ముగ్గురికీ తలలు దువ్వి పంపింది. గిరిజ ఇంటి ముందు బజారి చెప్పులు విప్పి దూరంగా నిలబడితే, వెంకటరామయ్యే మెట్టు దిగి వచ్చాడు.

"లెక్కలు బాగా చేస్తుందప్పా నీ కూతురు. ఈడనే సదివిచ్చు," అన్నాడు.

బజారి హుసేనమ్మ వైపు తిరిగి చేతులెత్తబోయాడు. ఆమె ఆ చేతులు పట్టుకుని దించింది.

"నాకెందుకన్నా. ఇది మండలి పని. నువ్వు యేటా ఇట్ల పంపు, అదే సాలు."

ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరు కూడా ఆ ఏడాది బడి మానలేదు. జూన్‌లో మీటింగు పెట్టి హుసేనమ్మనే మళ్ళీ ఎన్నుకున్నారు. హాలు బాగైనా చిన్నపిల్లల్ని ఇకమీదట ఇళ్ళల్లోనే ఉంచుకుందామని తీర్మానం పెడితే, అందరికన్నా ముందు వీరమ్మ చెయ్యెత్తింది. లేచిన చేతులను లెక్కపెడుతూ హుసేనమ్మ మధ్యలో ఒకసారి ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.