వంకాయ రంగు గొడుగు

కోస్గి అంగడిలో దుకాణం మొదలుపెట్టినప్పుడు ఎల్లస్వామికి ఉన్న పెట్టుబడి రెండే: ఫోను కంపెనీ ఊరికే ఇచ్చిన వంకాయ రంగు గొడుగు, ఎవరితోనైనా మాట కలపగల నోరు. చేతుల్ని పెట్టుబడిలో కలపడానికి లేదు. తాండూరులో బండలకు పాలిష్ పట్టీ పట్టీ వాటిని అక్కడే ఖర్చు చేసి వచ్చాడు. వేళ్ల కొసలు గాజులా నున్నగా ఉండేవి. బండల పొడి కొంత ఛాతీలో నిలవ ఉండి, రోజూ పొద్దున దగ్గుగా బయటికి వచ్చేది.

ఆ పొద్దునా దగ్గుతూనే గొడుగు కర్రను ఇనుప గొట్టంలోకి దించాడు. కదలకుండా పక్కన రాయి దోపాడు. గొడుగు అంచు మీద పెయింటరుతో తెల్లగా రాయించుకున్న తన ఫోను నంబరు రోడ్డు వైపు ఉండేలా తిప్పాడు. చెక్కపెట్టె మీద సిమ్ము కార్డులు పరిచే చోట ఆ రోజు పరచడానికి ఏమీ లేదు. అయినా గుడ్డతో తుడిచాడు.

కంపెనీ ఏదో సముద్రాల అవతలి దేశానిది. దాని పేరు కోస్గి నాలుకలకు తిరగలేదు. గొడుగు రంగు చూసి వంకాయ కంపెనీ అన్నారు. ఫోను మాటలు పోయే గాలిని సర్కారు వేలం వేస్తే ఆ కంపెనీ వచ్చి పెద్ద పాటకు పాడింది. ఆ పైన లైసెన్సు ఫీజు, పన్ను. వచ్చిన దాంట్లో ఏది రాబడి, ఏది కాదు అని సర్కారుతో కోర్టులో ఏళ్ల తరబడి తగువు. అది తెగకముందే ఇంకో కంపెనీ దిగి, ఎంతసేపైనా ఊరికే మాట్లాడుకోండి అంది. కొన్నాళ్లు చూసి, వంకాయ కంపెనీ దేశం విడిచి పోతున్నట్టు చెప్పింది.

ఎల్లస్వామి ఆ మాట నమ్మలేదు. అతని లెక్క అంగడి లెక్క. కోస్గిలో అంగడి రుసుము వసూలుకు జరిగే తైబజారు వేలం ఏటా చూస్తున్నవాడు. పంతానికి పోయి ఎక్కువకు పాడినవాడు అమ్మేవాళ్ల దగ్గర రుసుము రాకపోతే పంచాయతీ ముందు కూర్చుని ఏడుస్తాడు. కొంత తగ్గిస్తారు. మళ్లీ రశీదు పుస్తకం పట్టుకుని తిరుగుతాడు. ఎప్పుడూ అంతే జరిగింది.

"పాట ఎక్కువైనోడు మాఫీ అడుగుతడు గని గుడారం పీకుతడా?" అని అడిగినవారందరికీ చెప్పాడు. "ఫికర్ జెయ్యకుండ్రి. ఉంటది."

అతని మాట విని జనం నంబర్లు వేరే కంపెనీకి మార్చుకోకుండా ఆగారు. కంపెనీ ఆగలేదు. ఆ రోజు సాయంత్రానికి టవరు ఆగిపోతుందని వారం కిందటే మెసేజి వచ్చింది. ఆ వారమంతా ఎల్లస్వామి తన గొడుగు కింద కంటే ఎదురు దుకాణంలోనే ఎక్కువ కూర్చున్నాడు. అది శివకృష్ణది. కొత్త కంపెనీ ఏజెన్సీ.

కూర్చోక తప్పలేదు. గుర్తింపు కార్డు లేని గొర్ల కాపరులకు ఒకప్పుడు తన కార్డు పెట్టి సిమ్ములు ఇచ్చాడు. దయ కాదు, సిమ్ము అమ్ముడుపోవాలి. విత్తనం చేబదులిచ్చినట్టు పేరు చేబదులిచ్చాడు. ఇప్పుడు ఆ నంబర్లు కొత్త కంపెనీకి మారాలంటే ఎవరి పేరున ఉంటే వారే వచ్చి వేలు పెట్టాలి, అంటే తనే. ఒక్కొక్కరినే పిలిపించి, బొటనవేలు పదిసార్లు ఒత్తితే ఒకసారి పడుతుంటే, మార్పించాడు. మిగిలింది ఒక కాపరి భార్య సత్తమ్మ నంబరు, తనది.

మధ్యాహ్నం భార్య అండాలు సద్ది గిన్నె తెచ్చింది. ఆమె పక్కనే పచ్చిమిరపకాయలు అమ్ముతుంది, నీడ లేకుండా.

"ఊరోళ్లవి అన్ని జేస్తివి. నీ నంబరు ఎప్పుడు మార్చుకుంటవయ్యా, టవరు సచ్చినంకనా?"

"తిన్నంక పోత."

"తిండికి ముందు పో. అంగడంత ఎరికైన నంబరు. అది పోతె నిన్నెవలు అడుగుతరు?"

అతను రెండు ముద్దలు తిని, దగ్గు వచ్చి గిన్నె మూశాడు. అప్పుడే సత్తమ్మ వచ్చింది. ఫోను కొంగున ముడివేసి ఉంది.

ఆమె భర్త అంజన్న గొర్లను తోలుకుని ఆత్మకూరు దిక్కు పోయాడు. కోతలైన చేలల్లో మంద పెడతాడు. అతని ఫోను కృష్ణ నీళ్లలో పడిపోయింది. ఏ చేలో ఉంటే ఆ రైతు ఫోను అడిగి, ఒక్కసారి మోగించి పెట్టేస్తాడు. పానం బాగుంది, జాగా మారుతున్నా అని దానికి అర్థం. చదువు రాదు. గొర్లను లెక్కపెట్టినట్టు ఆ నంబరును జతలు జతలుగా నోటికి పట్టాడు. అతనికి వచ్చిన నంబరు అదొక్కటే.

"అన్నా, గిది పోతె ఆయనకు నేను సచ్చిన లెక్కనే," అంది సత్తమ్మ. "పెండ్లాం పేరన్న మర్చిపోతడు గని నంబరు మర్వడు."

"నడువు," అన్నాడు ఎల్లస్వామి.

శివకృష్ణ వేలిముద్ర మిషను ముందుకు జరిపాడు. వారమంతా ఎలాగో పడిన బొటనవేలు పెడితే ఎర్ర దీపం. చూపుడువేలు, ఎర్ర దీపం. ఎల్లస్వామి వేళ్లను జుట్టుకు రాసి నూనె పట్టించి మళ్లీ పెట్టాడు.

"మామా, ఇవి ఏళ్లా, గాజు గోలీలా?"

"తాండూరోడి ఇంట్ల ఉన్నయి నా ఏళ్లు. ఆని గచ్చు మెరుస్తాంది, పోయి సూడు."

"చిటికెన ఏలు పెట్టు. దాంతోని ఏం పని జేసుంటవు."

నిజమే. బండ మీద ఒత్తేటప్పుడు ఆ వేలు ఎప్పుడూ పైకి లేచి ఉండేది. పెట్టాడు. పచ్చ దీపం వెలిగింది. సత్తమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. శివకృష్ణ మాత్రం తెర వైపు చూస్తూ ఉండిపోయాడు.

"మామా, ఒక మనిషి పేర గిన్నే సిమ్ములని రూలు. నీ పేర ఇగ ఒక్కటే పడతది. నీదా, ఆమెదా?"

"అండాలు పేర మారుస్తే?"

"పేరు మార్చనీకి కాయిదాలు పోయి రావాలె. టవరు ఇయ్యాలనే బందాయె."

సత్తమ్మకు అర్థమైంది. ఫోను మళ్లీ కొంగులో వేసి ముడి వేయబోయింది.

"నీది చేసుకో అన్నా. దుకాణం నడ్వాలె గద."

ఎల్లస్వామి అద్దం తలుపులోంచి బయటికి చూశాడు. ఎండలో గొడుగు కనబడుతోంది. దాని కింద ఖాళీ చెక్కపెట్టె. తనతో పని ఉన్నవాడు నడుచుకుంటూ వస్తాడు. ఆత్మకూరు చేలల్లో ఉన్నవాడికి గొడుగు కనబడదు. బేరం తెగినప్పుడు చేసినట్టు తల ఒక పక్కకు ఆడించాడు.

"ఆమెది కొట్టు. నాతోని పనున్నోడు అంగడికొస్తడు. గొడుగు ఏడికి పోతది?"

కొత్త సిమ్ము పలకడానికి రెండు మూడు రోజులు పడుతుందని శివకృష్ణ చెప్పాడు. సత్తమ్మ దాన్ని ఎక్కడ దాచాలో తోచక నోట్లో పెట్టుకోబోయినంత పని చేసి, నవ్వి, కొంగున కట్టుకుని పోయింది.

సాయంత్రం అంగడి పలచబడింది. ఎల్లస్వామి స్టూలు మీద కూర్చుని తన ఫోను చూశాడు. సిగ్నలు గీతలు ఉండీ లేక, చివరికి లేకుండా పోయాయి. ఫోను చెక్కపెట్టెలో పెట్టి మూత వేశాడు. గొడుగు కర్రకు వీపు ఆనించాడు. అండాలు మిగిలిన మిరపకాయలు గంపకెత్తి వచ్చింది.

"నంబరు మారిందా?" అంది. జవాబు రాలేదు. "లే, పోదాం. మబ్బైతాంది."

అతను లేవలేదు. దగ్గూ రాలేదు. అండాలు గంప కింద దించింది.

ఎల్లస్వామి దినాలు కాకముందే ఒక పొద్దున సత్తమ్మ కొంగులో ఫోను ఒక్కసారి మోగి ఆగింది. ఆమె పరుగున వచ్చి అండాలుకు ఆ మాట చెప్పి, పక్కన కూర్చుంది.

లెక్క తీస్తే, కంపెనీ టవరు తుక్కు ఇనుము కింద తూకానికి పోయింది. గాలి సర్కారుకే మిగిలింది, మళ్లీ పాట పెట్టుకుంటుంది. ఎల్లస్వామికి మిగిలింది చిటికెన వేలితో గెలిచిన ఒక్క నంబరు, అదీ ఇంకొకరి కొంగున. కొత్త కంపెనీ కాగితాల్లో అది అతని పేరునే ఉంది. అంజన్న మంద జాగా మార్చినప్పుడల్లా అది ఒక్కసారి మోగుతుంది.

మిరపకాయల కుప్ప మీద ఇప్పుడు నీడ ఉంది. వంకాయ రంగు వెలిసింది కానీ, గొడుగు అంచు మీద ఎవరూ ఎత్తని ఆ తెల్లటి నంబరు ఇంకా రోడ్డు వైపే ఉంది.