సింహం వైపు కిటికీ

"దారిలో ఏం దొరుకుతుందో ఏమో, నువ్వే ఏదో ఒకటి కట్టెయ్" అన్నారు మా ఆయన. ఏదో ఒకటి అంటే ఏమిటో నాకు తెలియనిదా? ఆయనకి ఆవకాయ అన్నం, మా అబ్బాయి ఫణికి పెరుగన్నం, మనవరాలు కృతికి నెయ్యన్నం, బాలింత గదాని కోడలు భవితకి కారం లేని బీరకాయ కూర. అందరి స్నానాలూ అయ్యేసరికి డబ్బాలన్నీ సర్ది, జడ వేసుకునే తీరిక లేక ముడి చుట్టుకుని కారెక్కాను.

అమెరికాలో ఫణి వాళ్లుండే కమ్మింగ్ ఊరి నుంచి చాలా దూరమే ఆ సఫారీ పార్కు. ఆఫ్రికా జంతువుల్ని తెచ్చి మైదానంలో వదిలారట, మనం కార్లో కూచునే చూడాలట. సింహాలు చివర్లో ఉంటాయన్నాడు ఫణి. నాకు కావలసింది ఆ సింహమే. ముందు రోజు ఫోన్లో మా చెల్లెలు రాధారాణి, "చూసొచ్చి నాకు చెప్పక్కా" అంది. చిన్నప్పుడు తెనాలికి సర్కస్ వస్తే నాన్న మా ఇద్దర్నీ తీసుకెళ్లాడు. సింహం బయటికి రాగానే రాధ హడలిపోయి నా ఒళ్లో మొహం దాచుకుంది. దాన్ని పొదువుకుని వంగిన దాన్ని, సింహం వెళ్లిపోయాకే తలెత్తాను. ఇంటికొచ్చి మాత్రం జూలు ఇంత, కోరలు ఇంత అని అమ్మకి బోలెడు చెప్పాను. పక్కనే నిలబడి వింది గాని రాధ నోరు విప్పలేదు.

ఇప్పుడు దానికి మందులు పనిచేయడం లేదు. ఇంక ఇంటికి తీసుకెళ్లమన్నారట ఆసుపత్రి వాళ్లు. వచ్చే నెల నా తిరుగు టికెట్టు. అంతవరకు ఉంటానంది.

పార్కు గేటు దాటుతుండగా ఫణి అన్నాడు: "నాన్నా, అమ్మకి వీసా ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేసేద్దాం. భవిత ఆఫీస్‌కి వెళ్లడం మొదలుపెడితే చంటిదానికి ఎవరో ఒకరు ఉండాలిగా."

"చేసెయ్‌రా. నేను వెళ్లి ఇల్లు చూసుకుంటా. మీ అమ్మకి అక్కడ ఏం పనుందని?"

"రాధ..." అన్నాను వెనక నుంచి.

"వీడియో కాల్‌లో రోజూ చూస్తూనే ఉన్నావుగా" అన్నారాయన, వెనక్కి తిరగకుండానే. భవిత నా వైపు చూసి, తల దించుకుని చంటిదాని దుప్పటి సర్దింది. ఆ పిల్లని ఏమనను? దానికీ దారి లేదు.

ఇంతలో ఒక ఆవు, నా చెయ్యంత పొడుగు కొమ్ములది, నా కిటికీలోకి మూతి పెట్టింది. నేనప్పటికే పళ్లెంలో నెయ్యన్నం కలుపుతున్నాను. అన్నం కలిపితే మొదటి ముద్ద ఆవుకి పెట్టడం మా అమ్మ నేర్పిన అలవాటు. ఆలోచించకుండానే పెట్టేశాను. పార్కు మనిషి పరుగున వచ్చి ఫణిని మందలించాడు, వాళ్లిచ్చిన గింజలు తప్ప ఏమీ పెట్టకూడదట.

"చదువు లేకపోతే ఇంతే" అన్నారు మా ఆయన. ఫణి ముందు నుంచి మీట నొక్కి నా కిటికీ అద్దం మూసేశాడు.

అందరికీ ఆకలేసింది. పళ్లెం ఒళ్లో పెట్టుకుని ముద్దలు చేసి అందిస్తున్నాను. ముందు సీట్ల మధ్య నుంచి ఒక చెయ్యి, వెనక సీటు నుంచి ఒక చెయ్యి, ఒకటి పోతే ఇంకొకటి.

"బామ్మా, లుక్, లయన్స్. నీ విండో సైడే" అంది కృతి.

తల తిప్పబోయాను. "ఏమే, ముద్ద" అంటూ ఆయన చెయ్యి వెనక్కొచ్చింది. పెట్టాను. చంటిది నోట్లోని పాలపీక కింద పడేసుకుని గుక్క పట్టింది. పీక కోసం కాళ్ల దగ్గర వెతికాను, చేతికి ఆవకాయ, రెండో చేత్తో తడిమి తీసి కొంగుతో తుడిచి పెట్టాను. నేను తలెత్తేసరికి కారు కదిలిపోయింది. కిటికీ నిండా ఎండిన గడ్డి.

"నువ్వు చూడలేదా బామ్మా?" అంది కృతి.

"వీడియో తీశాలేమ్మా, ఇంటికెళ్లాక చూద్దువుగాని" అన్నాడు ఫణి.

సాయంత్రం ఖాళీ డబ్బాలు కడుగుతుంటే రాధ ఫోన్ చేసింది. దానికి అక్కడ తెల్లారింది. ఫోన్‌ని నీళ్ల గ్లాసుకి ఆనించి పెట్టాను. మనిషి దిండులో దిండులా కలిసిపోయింది.

"చూశావా అక్కా?"

"చూశానే. జూలు ఇంత, కోరలు ఇంత. నా వైపే చూసింది."

రాధ నా మొహంలోకి చూసింది. పెదాలు నవ్వినట్టు కదిలాయి.

"సర్కస్‌లో చూసినట్టేనా?"

నేను కొళాయి కట్టేశాను.

"సింహం సంగతి ఎలా చెప్పినా సరేలే" అంది రాధ. "వస్తానని మాత్రం అలా చెప్పకక్కా."